లోపలి నుంచి పునాది లోతు పెంచేటప్పుడు నీటిని కట్టడి చేయడం

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత వీధుల్లోనూ, చిత్తూరు పాతబస్తీలోనూ ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. చాలాచోట్ల రెండిళ్లకూ ఒకటే ఉమ్మడి గోడ. అలాంటి ఇంటి పునాది ఒక మూల కుంగినా, సామాన్లు పెట్టుకోవడానికి కింద ఒక గది కావాలని నేల దించాలనుకున్నా, బయటి వైపు పార పెట్టడానికి చోటు దొరకదు. ఒక పక్క పొరుగువారి వంటగది, మరో పక్క సిమెంటు రోడ్డూ మురుగుకాలువా అడ్డం వస్తాయి. అందుకని లోపలి నుంచే పాత పునాది కిందికి కొద్దికొద్దిగా తవ్వి, ముక్కలు ముక్కలుగా కొత్త కాంక్రీటు పోసుకుంటూ రావలసి ఉంటుంది. ఇంజనీర్లు అండర్‌పిన్నింగ్ అనేది దీన్నే.

ఈ పనిలో గోడ బరువు సంగతి స్ట్రక్చరల్ ఇంజనీరు చూస్తారు, చూడాలి కూడా. ఆయన నక్షా లేకుండా మేస్త్రీ మాట మీద మాత్రమే ఉమ్మడి గోడ కింద గునపం వేయడం ప్రాణాలతో చెలగాటం. నీటి సంగతిని మాత్రం ఎక్కువమంది చివరికి వాయిదా వేసి, అంతా అయ్యాక లోపలి గోడకు ఏదో ఒక కెమికల్ రెండు కోటింగులు కొట్టిస్తే సరిపోతుందనుకుంటారు. అది సరిపోదు. లోపలి నుంచి పోసిన కాంక్రీటు వెనుక ముఖం మట్టిని ఆనుకుని ఉంటుంది కనుక, గుంత పూడిన తరువాత దాన్ని మళ్లీ ఎవరూ చూడలేరు, ముట్టుకోలేరు. కాబట్టి నీటి పని ప్రతి గుంతలోనూ కాంక్రీటుతో పాటే జరిగిపోవాలి.

తవ్వకానికి ముందు

మన ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. భూగర్భజలం అప్పుడు పైకి లేచి, సంక్రాంతి దాటాక మెల్లగా దిగుతూ, మే, జూన్ నెలలకు అడుగుకు చేరుతుంది. ఈ పని ఫిబ్రవరిలో మొదలుపెట్టి జూలై లోపు నేల స్లాబుతో సహా ముగిసేలా చూసుకోవాలి. సెప్టెంబరులో తవ్వకం మొదలుపెడతానని చెప్పే కాంట్రాక్టరు ఎంత చవకగా చేసినా వద్దనడమే మేలు. అయితే ఎండాకాలంలో గుంత పొడిగా కనిపించిందని నీరు రాదనుకోకూడదు. వీధిలో పాత బావి మిగిలి ఉంటే నవంబరులో నీళ్లు ఏ మట్టానికి వస్తాయో అక్కడి పెద్దవాళ్లను అడిగి, ఆ మట్టాన్ని మీ ఇంటి గోడ మీద సుద్దముక్కతో గీసుకోండి. కొత్త నేల ఆ గీతకు ఎంత కిందికి వస్తుందన్నదాన్ని బట్టే మిగతా లెక్కలన్నీ ఉంటాయి.

నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవడం తరువాతి పని. పునాదిలోకి వచ్చే నీరంతా భూగర్భజలం కాదు. డాబా మీది వాన గొట్టం గోడ మొదట్లోనే వదిలేసి ఉండవచ్చు, స్నానాల గది కింద గొట్టం పగిలి ఉండవచ్చు, సెప్టిక్ ట్యాంకు కారుతూ ఉండవచ్చు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడం వల్ల గడప కన్నా వీధే ఎత్తయి, కాలువ నీరు ఇంటి వైపు వాలుతూ ఉండవచ్చు. మంచి ఉద్దేశంతో తవ్విన ఇంకుడు గుంత సైతం గోడకు రెండు మూడు అడుగుల దూరంలో ఉంటే పునాదిని నానబెడుతుంది, దాన్ని కనీసం పదడుగుల అవతలికి మార్చాలి. వీటిని సరిచేయడానికి అయ్యే ఖర్చు, తరువాత నేల కింద చేసే ఏ పని ఖర్చుతో పోల్చినా చాలా తక్కువ.

ఆపైన ఒక పరీక్ష గుంత తీయించి, పాత పునాది ఎంత లోతు ఉందో, ఏ మట్టి మీద కూర్చుందో చూడాలి. తిరుపతిలో ఎర్ర గరుసు నేల ఉన్నచోట గుంత అంచులు కాసేపైనా నిలబడతాయి, నీరు మాత్రం త్వరగా ఊరుతుంది. ఒకప్పటి చెరువు భూముల్లో వెలసిన కాలనీల్లో బంకమన్ను తగులుతుంది. అది నీటిని మెల్లగా వదులుతుంది గాని, తడిస్తే ఉబ్బి ఎండితే కుంచించుకుపోతుంది. చిత్తూరు వైపు తరచుగా కొద్ది లోతులోనే గుండు, అంటే రాతి బండ, తగులుతుంది. నీరు ఆ బండ మీదుగా పారి సరిగ్గా కాంక్రీటూ బండా కలిసే చోట బయటపడుతుంది కాబట్టి, అక్కడ బండను ఇనుప బ్రష్షుతో గీకి కడిగి, రంధ్రాలు వేసి కమ్మీలు దించి, ఆ మీదనే కాంక్రీటు పోయాలి. బండ అడ్డొచ్చిందని పెద్ద బ్రేకరు మిషను పెడితే ఆ అదురుకు మట్టితో కట్టిన పాత రాతిగోడలో రాళ్లు కదులుతాయి.

ఉమ్మడి గోడ అయితే పొరుగువారి రాతపూర్వక సమ్మతి తీసుకుని, రెండు వైపులా ఉన్న పగుళ్లను ఫోటోలు తీసి, ప్రతి పగులు మీద సన్నని గాజుముక్కను సిమెంటుతో అతికించి తేదీ వేయండి. గోడ కదిలితే గాజు ముందుగా చిట్లి చెబుతుంది. నగరపాలక సంస్థ, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతుల సంగతి లైసెన్సు ఉన్న ఇంజనీరు ద్వారా ముందే తేల్చుకోవాలి.

గుంతల వరుస

గోడ పొడవునా మూడు నాలుగు అడుగుల భాగాలుగా గీతలు గీసి, 1 నుంచి 5 వరకు అంకెలు వేసి, మళ్లీ 1 నుంచి మొదలుపెట్టాలి. మట్టితోనో సున్నంతోనో కట్టిన రాతి పునాదికి మూడడుగులు మించకూడదు. ముందు 1 అంకె ఉన్న భాగాలు, తరువాత 3, 5, ఆపైన 2, 4 తవ్వుతారు. ఇలా చేస్తే ఏ సమయంలోనైనా గోడలో అయిదో వంతుకు మించి ఆధారం లేకుండా ఉండదు, పక్కపక్క గుంతలు ఒకేసారి తెరుచుకోవు. పాత రాతికట్టు సందుల్లో మట్టి కొట్టుకుపోయి డొల్లగా వినిపిస్తే, తవ్వకానికి ముందే సిమెంటు, సున్నం కలిపిన పలుచని పాలు తక్కువ ఒత్తిడితో ఎక్కించి రాళ్లను గట్టిపరచాలి.

గుంతలో నీరు ఊరితే పంపు పెట్టి తోడటం తప్పదు, కానీ తోడే నీటిని గమనించాలి. పంపు గొట్టం చివర ఒక గాజు సీసాలో నీళ్లు పట్టి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున సన్నని ఇసుకో ఒండ్రో పొరగా పేరుకుంటే, మీరు తోడుతున్నది నీటిని మాత్రమే కాదు, పొరుగింటి కింది మట్టిని కూడా. వెంటనే పంపు ఆపి, గుంతలో కంకర నింపి, ఇంజనీరును పిలవాలి. నాలుగడుగుల లోతు దాటిన గుంతకు పలకలు, అడ్డకట్టెలు పెట్టకుండా మనిషిని దించకూడదు. పైన ఒకరు ఎప్పుడూ కాపలా ఉండాలి.

కాంక్రీటు వెనుక ఏం పెట్టాలి

మట్టి ముఖానికి ముందే అంటించి, దాని మీద కాంక్రీటు పోస్తే కాంక్రీటుకు కరుచుకునే ప్లాస్టిక్ షీట్లు మార్కెట్లో ఉన్నాయి. బెంటొనైట్ బంకమన్ను నింపిన షీట్లూ ఉన్నాయి. పెద్ద సెల్లార్లలో, గోడంతా ఒకేసారి తెరిచి ఉన్నచోట అవి చక్కగా పనిచేస్తాయి. మూడడుగుల గుంతల్లో మాత్రం ప్రతి గుంతకూ రెండు పక్కలా జానెడు షీటును మడిచి, పలక చాటున దాచి, పక్క గుంత తవ్వినప్పుడు చిరగకుండా బయటికి తీసి దానితో అతికించాలి. గునపం అంత దగ్గరగా ఆడే చోట ఆ మడతలన్నీ క్షేమంగా బయటపడతాయని నేను నమ్మను. ఒక్క అతుకు తప్పినా నీరు షీటు వెనుక అంతా తిరిగి మరెక్కడో తేలుతుంది. డబ్బు పరిమితంగా ఉన్నవారు షీటు మీద కన్నా కాంక్రీటు నాణ్యత, అతుకులు, లోపలి నీటి దారి అనే మూడింటి మీద ఖర్చు పెట్టడం మంచిదని నా అభిప్రాయం. షీటు వేస్తే వేయండి గాని, దాన్ని నమ్ముకుని ఈ మూడింటిలో ఏదీ తగ్గించకండి. ఇంకొక జాగ్రత్త, పాత పునాది అడుగుకూ కొత్త కాంక్రీటుకూ మధ్య, అంటే బరువు దిగే చోట, ఎలాంటి షీటూ కోటింగూ రాకూడదు.

కాంక్రీటు బలం గ్రేడు ఎం25కు తగ్గకుండా, నీటిమట్టం కిందికి వెళ్లే చోట ఎం30గా ఉండాలి. నీరూ సిమెంటూ నిష్పత్తి 0.45 దాటకూడదు, అంటే 50 కిలోల బస్తాకు, ఇసుకలో ఉన్న తడితో కలిపి, ఇరవై రెండున్నర లీటర్లు. ఇరుకు గుంతలోకి జారడం లేదని బకెట్టుతో నీళ్లు గుమ్మరించడం అన్నిచోట్లా జరిగేదే, కారే కాంక్రీటు పుట్టేదీ అక్కడే. జారుడు కావాలంటే ప్లాస్టిసైజర్ కలపాలి గాని నీళ్లు కాదు. కమ్మీలు దగ్గరగా ఉన్నచోట 20 మి.మీ. జల్లికి బదులు 12 మి.మీ. వాడి, సూది వైబ్రేటరుతో అన్ని మూలలూ నింపాలి. నీరు తగిలినప్పుడు స్ఫటికాలు పెరిగి సన్నని పగుళ్లను మూసే పౌడర్లు దొరుకుతున్నాయి. సంచి మీద రాసిన మోతాదులో వాటిని కలుపుకోవచ్చు. అవి వెంట్రుకవాసి పగుళ్లకు పనికొస్తాయి, తేనెపట్టులా బొక్కలు పడ్డ కాంక్రీటును కాపాడలేవు. మట్టి వైపు కమ్మీకి 50 మి.మీ. కవరు, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు మందం, కనీసం ఉండాలి, నేరుగా మట్టికి ఆనించి పోసేటప్పుడు 75 మి.మీ. ఇస్తే మంచిది. మే నెల ఎండల్లో తడి గోనెసంచులు కప్పి పది రోజులైనా తడపాలి.

అతుకులు

ఇలా కట్టిన పునాదిలో నీరు కాంక్రీటు గుండా రావడం అరుదు, వస్తే అతుకు గుండానే వస్తుంది. ఇరవై అడుగుల గోడకు ఆరేడు నిలువు అతుకులు, పైన పాత రాతికట్టుతో ఒక అడ్డ అతుకు, కింద నేల స్లాబుతో మరొకటి ఏర్పడతాయి. వీటిలో ప్రతి ఒక్కదానికీ వేరుగా ఏర్పాటు కావాలి.

నిలువు అతుకుల దగ్గర, మొదట పోసే గుంతకు రెండు పక్కలా మట్టికి ఆనించి ప్లైవుడ్ పలక నిలపాలి. ఆ పలక మధ్యలో పైనుంచి కిందికి ఒక చెక్క పట్టీ మేకులతో కొడితే, కాంక్రీటులో నిలువుగా గాడి పడుతుంది. పలకకు రంధ్రాలు చేసి, అడ్డ కమ్మీలను వాటి గుండా పక్క మట్టిలోకి దించాలి. పక్క గుంత తవ్వినప్పుడు ఆ కమ్మీలు బయటపడి కొత్త కమ్మీలతో కట్టుకోవడానికి పనికొస్తాయి. పలకను పక్క గుంత తెరిచే దాకా తీయకూడదు, అది ఉన్నంతకాలం అతుకు ముఖానికి మట్టి అంటదు. తీశాక ఆ ముఖాన్ని ఇనుప బ్రష్షుతో సిమెంటు పొర పోయేదాకా గీకి, కడిగి ఆరనిచ్చి, నీటికి ఉబ్బే పట్టీని మందం మధ్యలో, అంచుకు కనీసం 75 మి.మీ. లోపల, పై నుంచి కింది దాకా తెగకుండా అంటించాలి. పట్టీని అంటించిన రోజే కాంక్రీటు పోయాలి. రాత్రి గుంతలో ఊటనీరు చేరి పట్టీ ముందే ఉబ్బిపోతే అది ఇక దేనికీ పనికిరాదు, పీకేసి కొత్తది వేయవలసిందే.

పై అడ్డ అతుకు వేరే రకం. కొత్త కాంక్రీటును పాత పునాది అడుగుకు 75 మి.మీ. తక్కువగా ఆపి, కనీసం ఒక రోజు గడిచాక, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుకతో పొడిపొడి మాలు కలిపి ఆ సందులో కూరాలి. పిడికిలి బిగిస్తే ముద్ద నిలవాలి, వేళ్ల సందున నీరు కారకూడదు, అరచేతికి తడి మాత్రం అంటాలి. దాన్ని చెక్కముక్క ఆనించి సుత్తితో కొడుతూ వెనుక నుంచి ముందుకు పొరలు పొరలుగా నింపుకురావాలి. సుత్తి దెబ్బకు మాలు మెత్తగా లొంగకుండా ఖంగుమనే దాకా కొట్టాలి. మేస్త్రీలకు విసుగు పుట్టించే పని ఇది, అందుకే దగ్గర నిలబడి చేయించుకోవాలి. గోడ బరువు కొత్త పునాదికి దిగేది ఈ మాలు గుండానే. కుంచించుకుపోని రెడీమేడ్ గ్రౌటు, అంటే జారుగా ఉండే సిమెంటు మాలు, పోసే పద్ధతి కూడా ఉంది, అది త్వరగా అవుతుంది గాని రాతి అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే గాలి బుడగలు చిక్కుకుంటాయి. మాలు గట్టిపడ్డాక లోపలి వైపు ఒక అంగుళం లోతు గాడి చెక్కి, పాలిమర్ మోర్టారుతో నింపి నునుపు చేయాలి. ఆ మాలు కూరిన రెండు మూడు రోజులకు గాని పక్క గుంత తెరవరాదు.

పాత గోడ, కొత్త నేల

కొత్త పునాది ఎంత బిగువుగా కట్టినా, దాని పైనున్న పాత రాతికట్టు జల్లెడలాగే మిగులుతుంది. దాని లోపలి ముఖానికి వాటర్‌ప్రూఫ్ సిమెంటు ప్లాస్టరు దట్టంగా కొట్టేస్తే, బయటికి దారి లేని తడి గోడ లోపలే ఎగబాకి, కొన్నాళ్లకు కిటికీ మట్టం దగ్గర చౌడు పట్టి సున్నం రాలడం మొదలవుతుంది. సందులను గీకి సున్నపు మాలుతో నింపి, గోడను ఊపిరి తీసుకోనిచ్చి, వచ్చే తడిని కిందికి నడిపించడమే మంచి మార్గం. బుడిపెలున్న గట్టి ప్లాస్టిక్ షీటును గోడకు బిగిస్తే, షీటుకూ గోడకూ మధ్య మిగిలిన సందులో నీరు కిందికి జారి, నేల అంచున ఉన్న కాలువలో పడుతుంది.

ఆ కాలువలో గుడ్డ చుట్టిన రంధ్రాల గొట్టం, చుట్టూ కడిగిన 20 మి.మీ. జల్లి, నూరడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉండాలి. ఇక్కడ పెద్ద పొరపాటుకు అవకాశం ఉంది. కాలువ అడుగు కొత్త పునాది అడుగు కన్నా లోతుకు ఎప్పుడూ పోకూడదు, పోతే పారే నీరు పునాది కింది సన్న ఇసుకను మెల్లమెల్లగా లాగేస్తుంది. ఆ కాలువ నీరు చేరే గుంత, అంటే సంపు, కూడా గోడ పక్కన కాకుండా గది మధ్యకు ఉండాలి, పునాది అడుగుకు అది ఎంత లోతు దిగుతుందో కనీసం అంత దూరమైనా గోడకు ఎడంగా ఉండాలి.

నేల స్లాబు విషయంలో నీటి బలాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. 2021 నవంబరు వానల తరువాత తిరుపతి శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి ఆవరణలో, సిమెంటు వరలతో కట్టిన భూగర్భ నీటితొట్టి నేల చీల్చుకుని పైకి లేచిన సంగతి ఊరంతా చూసింది. చుట్టూ మట్టి నీటితో నిండిపోయి, తొట్టి ఖాళీ అయినప్పుడు, దాని బరువు కన్నా నీటి తోపుడు ఎక్కువైతే జరిగేది అదే. నేల స్లాబు అడుగుకు ఒక మీటరు పైన నీటిమట్టం ఉంటే, ప్రతి చదరపు మీటరునూ ఒక టన్ను బరువు కింది నుంచి నెడుతుంది. ఆరంగుళాల కాంక్రీటు స్లాబు బరువు చదరపు మీటరుకు 375 కిలోలే. మిగతా తోపుడును కమ్మీలతో పునాదికి కట్టిపడేసిన స్లాబు తట్టుకోవాలి, లేదా కాలువా సంపూ నీటిని అంత మట్టానికి రానివ్వకూడదు. అందుకే పునాది పోసేటప్పుడే లోపలి ముఖం నుంచి స్లాబు కోసం కమ్మీలు వదిలిపెట్టి, ఆ అతుకులోనూ ఉబ్బే పట్టీ వేయాలి. స్లాబు కింద జల్లి పొర, దాని మీద దళసరి పాలిథీన్ షీటు ఉండాలి. చెదల మందు కొట్టించేవారు షీటు పరచడానికి ముందే కొట్టించాలి, తరువాత స్లాబుకు రంధ్రాలు వేసి కొడితే ఆ రంధ్రాలన్నీ నీటికి దారులవుతాయి.

సంపులో పంపు దానంతట అది పనిచేసే ఫ్లోట్ స్విచ్‌తో ఉండాలి. తుఫాను రాత్రి నీరు వచ్చే వేళకే కరెంటు పోతుంది కనుక, ఇన్వర్టరు లేని పంపు ఉన్నా లేనట్టే. బయటికి వదిలే గొట్టానికి నీరు వెనక్కి రాకుండా వాల్వు పెట్టి, దాని కొసను వీధి కాలువ నిండినా మునగని ఎత్తులో ఉంచాలి.

పని పూర్తయ్యాక ఒక్క ఈశాన్య రుతుపవన కాలం గడిచేదాకా టైల్సు, చెక్క బీరువాలు, గోడ రంగుల జోలికి పోకండి. ఆ మూడు నెలల్లో ఏ అతుకు దగ్గర చెమ్మ కనిపించినా తేదీతో సుద్దగీత గీసి ఉంచితే, జనవరిలో పగుళ్లను పూడ్చే ఎపాక్సీ గానీ పాలీయూరెథేన్ గానీ రసాయనాన్ని ఇంజెక్షన్ చేసేవారికి ఎక్కడ రంధ్రం వేయాలో తెలుస్తుంది. నీరు కారుతున్న అతుకుకు పాలీయూరెథేనే సరైనది, ఎపాక్సీ పొడి పగుళ్లకు, బలం కావలసిన చోటికి. నేల సంగతి తెలియాలంటే, రెండడుగుల పాలిథీన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో నేలకు అంటించి ఒక రోజు ఉంచి, దాని అడుగున చెమట పట్టిందో లేదో చూడవచ్చు. కాలువలకు ప్రతి మూలా ఒక మూత తెరిచేలా ఉంచి, ఏటా సెప్టెంబరులో రెండు బకెట్ల నీళ్లు పోసి అవి సంపుకు చేరుతున్నాయా, పంపు లేస్తోందా అని చూసుకోవాలి. బుడిపెల షీటు ఉన్న గోడకు క్యాలెండరు తగిలించడానికైనా మేకు కొట్టవద్దని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.